జంపింగ్ జీన్లు: పనికొచ్చేవా, ఊరికే పోగుపడినవా?

బీజాక్షరం: మానవ జీనోమ్‌లో, అంటే మన మొత్తం డీఎన్ఏలో, దాదాపు 45 శాతం ట్రాన్స్‌పోజాన్లు (ఒకచోటి నుంచి మరోచోటికి దూకే డీఎన్ఏ ముక్కలు, అవే జంపింగ్ జీన్లు), వాటి అవశేషాలే అని 2001 నాటి జీనోమ్ ముసాయిదా తేల్చింది. ఇంత భాగం ఏ పనీ లేకుండా కోట్ల ఏళ్లుగా మోసుకొస్తున్నామంటే నమ్మశక్యంగా లేదు. 2012లో, జీనోమ్‌లో ఏ భాగం ఏం చేస్తుందో వెతికే ఎన్‌కోడ్ బృందం 80 శాతానికి పని ఉందని ప్రకటించాక కూడా జంక్ డీఎన్ఏ (పనిలేని చెత్త) అనడం మొండితనం కాదా?

నిదానం: ఎక్కడైనా ఆర్ఎన్ఏ తయారైనా, ఒక ప్రోటీన్ వచ్చి అతుక్కున్నా దాన్ని పని కిందే జమకట్టారు కనుక ఆ 80 వచ్చింది. ఉల్లి జీనోమ్ మనకంటే సుమారు అయిదు రెట్లు పెద్దది. ఫుగు చేపదేమో మనదానిలో ఎనిమిదో వంతు, అదీ వెన్నెముక ఉన్న జీవే. అదనపు డీఎన్ఏతో ఉల్లి ఏం సాధిస్తోందో చెప్పండి.

పక్కబెంచి: ఉల్లి రానిదే ఈ చర్చ మొదలు కాదు కాబోలు.

బీజాక్షరం: ఉల్లిని వదిలేయండి. గర్భంలో మాయ (ప్లాసెంటా) ఏర్పడడానికి కావలసిన సిన్సిటిన్, మన డీఎన్ఏలో చేరిపోయిన ఒకప్పటి రెట్రోవైరస్ జన్యువు. ఎలుకల్లో సిన్సిటిన్-ఎ తీసేస్తే పిండాలు గర్భంలోనే చనిపోతాయి. దీన్ని కూడా చెత్త అంటారా?

కణిక: మా ఇంట్లో హిమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు) ఉంది. మా వాళ్లకు వచ్చిన కారణం వేరే అయినా, లైన్-1 అనే ట్రాన్స్‌పోజాన్ రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువులో దూరి ఇదే జబ్బు తెచ్చిన రోగుల గురించి 1988లోనే రాశారు. దూకడాన్ని వరమంటుంటే చదవలేకపోతున్నాను.

బీజాక్షరం: వరమని నేనెక్కడా అనలేదు. జీనోమ్‌లో ఇలా పదేపదే వచ్చే భాగాల మీద నేను పంపిన పరిశోధన ప్రతిపాదనను ఒక సమీక్షకుడు "చెత్తలో వెతుకులాట" అని ఒక్క ముక్కలో తిప్పికొట్టాడు. మొక్కజొన్న గింజల మచ్చల్లో జన్యువులు చోటు మారడాన్ని 1940లలోనే చూసిన శాస్త్రవేత్త మెక్‌క్లింటాక్‌కు నోబెల్ 1983లో గాని రాలేదు. మీబోటి వారి ధీమా వల్లే ఇలా జరుగుతుంది.

నిదానం: మీ ప్రతిపాదనను నేను చూడనూ లేదు, తిప్పికొట్టనూ లేదు. ఆమె చెప్పింది నిజమైనంత మాత్రాన మీరు చెప్పేది నిజమైపోదు. అసలు పేచీ ఇక్కడుంది: ప్రతి ముక్కకూ పని ఉందని మీరు ముందే అనుకుని, లేదని నన్ను చూపమంటున్నారు. తన ప్రతులు తానే పెంచుకునే మూలకం, ఆ జీవికి లాభం లేకపోయినా, మరీ నష్టం చేయనంతవరకు పోగుపడుతూనే ఉంటుందని 1980లోనే శాస్త్రవేత్తలు ఆర్గెల్, క్రిక్ వాదించారు. మన జీనోమ్‌లో ఆలు (Alu) అనే ఒక్క ట్రాన్స్‌పోజాన్ ప్రతులే పది లక్షలకు పైన. సిన్సిటిన్ లాంటివి ఎన్ని చూపగలరు? ఉందన్నవారే రుజువు చూపాలి.

బీజాక్షరం: ఇంగ్లండ్‌లో మిరియాల చిమ్మటను నల్లగా మార్చింది కార్టెక్స్ జన్యువులో చేరిన ట్రాన్స్‌పోజానే. అది చేరక ముందు రోజు దాన్నీ జంక్ అనే ఉండేవారు.

నిదానం: అనేవాణ్ణే, అందులో తప్పూ లేదు. నల్ల చిమ్మట దాక్కునేందుకు ఎన్నడో మసి పట్టిన చెట్లు వస్తాయని ప్రకృతివరణం (నేచురల్ సెలెక్షన్) ఏ ముక్కనూ ముందే దాచిపెట్టదు.

పక్కబెంచి: ఆలు ప్రతుల్లో గుడ్డిగా కొన్నింటిని ఎంచి, తీసేసి చూస్తే తేలిపోదా?

బీజాక్షరం: ప్రయోగశాల కణాల్లో మార్పు కనబడకపోతే పని లేదని అర్థం కాదు. ఆ పని మరో కణజాలంలోనో, మరో వయసులోనో ఉండవచ్చు.

నిదానం: అయితే ఎలాంటి ఫలితం వస్తే పని లేదని ఒప్పుకుంటారో ముందు ఇక్కడే రాసిపెట్టండి. ఆ తరువాత తీసేయడం గురించి మాట్లాడుకుందాం.