పేద దేశాల సరుకుకు సుంకం మాఫీ చేస్తే నల్గొండ పత్తి రైతుకు నష్టమా?

చండూరు పత్తి రైతు

వెనుకబడిన దేశాల సరుకుకు సుంకం లేకుండా మన దేశం తలుపులు తెరిచింది. 2008లో ప్రకటించిన పథకం కింద ఇప్పుడు దాదాపు 98 శాతం సరుకులకు మినహాయింపు ఉందట. బంగ్లాదేశ్ దుస్తులకైతే 2011 నుంచే సుంకం లేదు. ఆఫ్రికా పేద దేశాల పత్తి కూడా ఈ దారినే వస్తోందని విన్నాను.

2025లో మా పరిస్థితి చూడండి. మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలని ప్రకటించారు. వానకు తడిసిన పత్తిని కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతే తేమ మీటరు 14 శాతం చూపించింది. పన్నెండు దాటితే తీసుకోరు. తిరిగి తెచ్చి వాకిట్లో ఆరబోశాం, పైన మళ్లీ మబ్బు. చివరికి దళారి చెప్పిన ధరకే తూకం వేయించాం. మన రైతు ఇలా మునుగుతుంటే పరాయి దేశాలను ఉద్ధరించడం ఏం న్యాయం? తెలిసినవారు చెప్పండి.

నారాయణపేట మగ్గం

అన్నా, నా ఓటు నీకే. బంగ్లాదేశ్ చొక్కా సుంకం లేకుండా వస్తుంది, నా చీరకు నూలు మాత్రం ప్రతిసారీ ధర పెరిగే వస్తుంది. జాలి చూపాలంటే ఇంట్లోవాళ్ల మీద మొదలుపెట్టాలి.

చిట్యాల జిన్నింగ్ గుమస్తా

అన్నా, దొంగతనం జరిగింది నిజమే కానీ మీరు పట్టుకున్నది దొంగను కాదు.

విదేశీ పత్తి మీద 2021 ఫిబ్రవరిలో 11 శాతం సుంకం పెట్టారు. 2025 ఆగస్టు 19న దాన్ని ఎత్తేశారు. మొదట సెప్టెంబరు నెలాఖరు వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన చేలలో తీత ముమ్మరంగా నడిచే రోజులే అవి. పైగా ఆ మాఫీ పేద దేశాలకని కాదు, అందరికీ. అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా... వీటిలో పేద దేశం ఏదో నాకైతే కనబడలేదు. మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచిన నెలలోనే ఇది జరిగింది. దెబ్బతిన్న మిల్లులకు చౌక దూది దొరకాలన్నది సర్కారు ఆలోచన. మిల్లుల బాధ అబద్ధం కాదు, కానీ దాని ఖర్చు రైతు ఖాతాలో రాశారు.

ఎలాగంటే, స్పిన్నింగ్ మిల్లులకు బయట చౌకగా దొరికితే మా బేళ్లకు, అంటే దూది మోపులకు, బేరం తగ్గిస్తాయి. మేము మీ దగ్గర తగ్గిస్తాం, దాచడం ఎందుకు? క్వింటా పత్తి జిన్ చేస్తే, అంటే గింజ వేరుచేస్తే, దూది సుమారు మూడో వంతు వస్తుంది, మిగతాది చాలావరకు గింజే. దూది కిలోకు పది రూపాయలు పడిపోతే క్వింటా పత్తిలో మూడు వందలకు పైగా ఎగిరిపోతుంది. రేటు బోర్డు మీద సుద్దముక్కతో అంకె మార్చేది నేనే, తిట్లు తినేదీ నేనే.

ఇక బంగ్లాదేశ్ సంగతి. యూరప్ 2001 నుంచి అత్యంత వెనుకబడిన దేశాల సరుకును, ఆయుధాలు తప్ప, సుంకం లేకుండా రానిస్తోంది. మన దుస్తులు అక్కడ పది శాతం దాకా కడితే వాళ్లవి సున్నా. దాన్ని పట్టుకునే వాళ్ల కుట్టు ఫ్యాక్టరీలు అంతగా పెరిగాయి. కానీ అక్కడ పండే పత్తి చాలా తక్కువ. దూది, నూలు బయట నుంచి తెచ్చుకోవాలి, అందులో పెద్ద వాటా మన దేశానిదే. వాళ్ల చొక్కాకు మినహాయింపు పోతే మన పత్తికి గిరాకీ తగ్గుతుంది, పెరగదు. 2025 ఏప్రిల్‌లో వాళ్లు మన నూలును సరిహద్దు రోడ్ల మీదుగా రాకుండా ఆపారు, మే నెలలో మనమూ వాళ్ల దుస్తులను ఆ దారిలో ఆపాం. ఈ పంతాలలో మా బేలుకు ఒక్క రూపాయి కూడా కలిసి రాలేదు.

నల్గొండ కామర్స్ మాస్టారు

గుమస్తా గారు పేద దేశాల మీద నింద తీసేశారు, బాగుంది. కానీ మినహాయింపును మరీ మెచ్చుకోవద్దు. పేద దేశాల ఎగుమతులకు ధనిక దేశాలు సుంకం తగ్గించాలన్న ఒప్పందం 1968లో మన దిల్లీలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాణిజ్య సదస్సులోనే కుదిరింది. అమెరికా 1976లో అమలు మొదలుపెట్టి, 2019 జూన్ 5న మనల్ని జాబితా నుంచి తీసేసింది. వాళ్ల పాల ఉత్పత్తులకూ, వైద్య పరికరాలకూ మన మార్కెట్టులో చోటివ్వలేదని అక్కడి సంఘాలు ఫిర్యాదు చేశాయి. గుండెకు వేసే స్టెంట్ల ధరకు మనం పరిమితి పెట్టడం కూడా వాళ్లకు నచ్చలేదు. మన రోగికి చౌకగా స్టెంటు దొరకడానికీ, మన ఎగుమతులకూ ఏమిటి సంబంధం? 560 కోట్ల డాలర్ల సరుకు మీద మనకు మిగులుతున్నది ఏడాదికి 19 కోట్ల డాలర్లేనని అప్పట్లో మన అధికారులు చెప్పారు. అసలు దుస్తులు చాలావరకు ఆ మినహాయింపు సరుకుల జాబితాలోనే లేవు.

ఇచ్చినవాడు ఎప్పుడైనా లాక్కోగలిగేది హక్కు కాదు. బ్రిటన్‌తో 2025 జులైలో చేసుకున్నట్టు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలే మేలు.

పుట్టపాక చిటికి

మా ఊరి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయేవి, సుంకాలు మాఫీ చేశారని కాదు, అక్కడివాళ్లు కావాలనుకున్నారని. నూలుకు చిటికి, అంటే ముడులు, కట్టి, రంగులద్ది, విప్పి నేసే బట్టకు పోటీ ఢాకా నుంచి రాదు. మా డిజైనును అచ్చు గుద్ది అమ్మేవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. నారాయణపేట తమ్ముడూ, కోపం అటు చూపించు.

చండూరు పత్తి రైతు

గుమస్తా అన్నా, నా లెక్క సరిచేసినందుకు సంతోషం. మాలి, బుర్కినా ఫాసో రైతు కూడా నాలాంటివాడేనని ఒప్పుకుంటా. అమెరికా తన రైతులకు ఇచ్చే సబ్సిడీల వల్ల తమ పత్తికి ధర రావడం లేదని ఆ దేశాలు 2003 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థలో మొత్తుకుంటున్నాయట. వాళ్లకు మినహాయింపు ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ పెద్ద దేశాల పత్తి మీద సుంకాన్ని అక్టోబరు నుంచి మార్చి దాకా ముట్టుకోవద్దు. తీసేయాలనుకుంటే మా పత్తి ఇల్లు దాటాక తీసేసుకోండి.

నల్గొండ కామర్స్ మాస్టారు

ఆ ఆరు నెలలూ మిల్లు ఖరీదైన దూది కొంటే నూలు ధర పెరుగుతుంది, ఢాకావాళ్లు నూలు వేరే దేశంలో కొంటారు. అప్పుడు గుమస్తా గారు చెప్పిన గిరాకీ ఏమవుతుంది?

చండూరు పత్తి రైతు

సార్, మిల్లుకు నష్టం వస్తే మిల్లుకు సాయం చేయండి, వడ్డీ తగ్గించండి, కరెంటు బిల్లు తగ్గించండి. ఆ సాయం నా తూకంలోంచి తీయడం మాత్రం ఒప్పుకోను.