పచ్చదోమ, సుడిదోమ, తెల్లదోమ: అన్నిటినీ దోమ అనడం మానాలా?

పొలంగట్టు:
నా ఉద్దేశం ముందే చెబుతాను. మానాలి. కనీసం కరపత్రాల్లో, బడి పుస్తకాల్లో అయినా మానాలి.

పోయిన వానాకాలం మా బాబాయి వరిలో సుడిదోమ పడింది. షాపుకెళ్లి "దోమ మందు" అడిగితే పత్తిలో పచ్చదోమకు వాడే మందు ఇచ్చారు. ఆయన పత్తికి కొట్టినట్టే పైపైన కొట్టారు. సుడిదోమ ఉండేది నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో. నాలుగు రోజుల్లో మడిలో ఎండిన సుడులు ఇంకా పెద్దవయ్యాయి. ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయాను.

ఈ మూడూ వేర్వేరు పురుగులు. పత్తి, బెండల మీది పచ్చదోమ లీఫ్‌హాపర్, అంటే ఆకుల మీద గెంతే పురుగు, సికాడెల్లిడే కుటుంబం. సుడిదోమ ప్లాంట్‌హాపర్, డెల్ఫాసిడే కుటుంబం. తెల్లదోమ ఈ రెండిటికన్నా పేనుబంకకే దగ్గర చుట్టం. మనల్ని కుట్టే దోమ ఈగల జాతిది, దానికి ఈ మూడిటితోనూ సంబంధం లేదు.

భూతద్దం ఉంటే తేడా తేలిగ్గానే తెలుస్తుంది. లీఫ్‌హాపర్ వెనక కాలి పొడవునా ముళ్లు వరసగా ఉంటాయి. సుడిదోమకు అలా ఉండవు, కాలి కింది భాగంలో కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. దాని మీసాలు కళ్ల కింద నుంచి మొలుస్తాయి. భూతద్దం లేకపోతే ఆకు తిప్పి చూడండి. పచ్చదోమ పిల్లలు ఐమూలగా నడుస్తాయి.

నల్లరేగడి:
తమ్ముడూ, బాబాయికి నష్టం జరిగింది పేరు వల్ల కాదు, ఏ పంటకో అడగకుండా మందు ఇవ్వడం వల్ల. మన పేర్లు ఊరికే పుట్టలేదు. చేను సుడులు సుడులుగా ఎండుతుంది కాబట్టి సుడిదోమ. మామిడి పూత మీద తేనెలా జిగురు కారుస్తుంది కాబట్టి తేనెమంచు పురుగు. దీపావళి రోజుల్లో దీపం చుట్టూ మూగుతాయి కాబట్టి దీపపు పురుగులు. పేరు వింటే పొలం కళ్లముందుకొస్తుంది. సికాడెల్లిడే అంటే నాకేం కనబడుతుంది?

ఇరవై ఏళ్లుగా పత్తి వేస్తున్నాను. పచ్చదోమను గుర్తుపట్టడానికి నాకు కాలి ముళ్లు అక్కర్లేదు. ఆకు అంచులు పసుపు పచ్చగా మారి, కిందికి ముడుచుకుని, ఎర్రబడితే చాలు.

రెండుచుక్కలు:
కీటకశాస్త్రం చదువుతున్నాను. నల్లరేగడి గారి మాటకు ఇంకో బలం ఇస్తాను. శాస్త్రం పేర్లు కూడా నిలకడగా లేవు. ఈ పచ్చదోమను 1913లో ఇషిదా అనే శాస్త్రవేత్త తైవాన్‌లో వర్ణించి బైగట్యులా అన్నారు, రెండు చుక్కలది అని అర్థం. 1918లో డిస్టాంట్ అనే ఇంకో శాస్త్రవేత్త దాన్నే డెవాస్టాన్స్ అన్నారు. ముందు ఎంపోయాస్కా ప్రజాతిలో ఉండేది, ఇప్పుడు అమ్రాస్కాలో ఉంది. మన పాత పుస్తకాల్లో ఈ పేర్లన్నీ కనిపిస్తాయి. పచ్చదోమను అందరం జాసిడ్ అని కూడా అంటాం కదా, ఆ పేరు వచ్చిన జాసిడే కుటుంబం ఇప్పుడు వాడుకలోనే లేదు.

ఇంకో సంగతి. తుమ్మ కొమ్మ మీద ముల్లులా కూర్చునే కొమ్ముల పురుగు చూశారా? దాన్ని ట్రీహాపర్ అంటారు. చాలాకాలంగా దానిది వేరే కుటుంబం. డీఎన్ఏ పరిశీలనలు వచ్చాక, ట్రీహాపర్లు లీఫ్‌హాపర్ల మధ్య నుంచే పుట్టుకొచ్చాయని తేలింది. అంటే సికాడెల్లిడేను ఒక సంపూర్ణ కుటుంబం అనాలంటే ట్రీహాపర్లను కూడా అందులో కలపాలి, లేదా దాన్ని ముక్కలు చెయ్యాలి. ఇప్పటిదాకా ఎక్కువమంది విడివిడిగానే ఉంచుతున్నారు. పండితులకే తేలని గీతను రైతు మీద ఎందుకు రుద్దాలి?

పొలంగట్టు:
గీత కదులుతోంది నిజమే. అయినా పచ్చదోమ, సుడిదోమ వేరన్న మాట మారలేదు. అవి విడిపోయి కోట్ల ఏళ్లయింది.

అసలు నేను చెప్పాలనుకున్నది లీఫ్‌హాపర్లలో ఉన్న వైవిధ్యం గురించి. వర్ణించినవే 20,000 జాతులు దాటాయి. ఒక్క కుటుంబంలోనే ఇన్ని ఉన్నాయి. ఏ ఉపకుటుంబమో, అంటే కుటుంబంలో ఏ గుంపుదో తెలిస్తే అది ఏం చేస్తుందో చాలావరకు ఊహించవచ్చు. పత్తి పచ్చదోమ టిఫ్లోసైబినేలోది, దాని దెబ్బ నేరుగా ఆకు మీదే కనబడుతుంది. వరిలో పచ్చ దీపపు పురుగు డెల్టోసెఫాలినేలోది. అది పోషక కణజాలంలోంచి రసం పీలుస్తూ వరికి టుంగ్రో తెగులు తెచ్చే వైరస్‌లను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు చేరుస్తుంది. వంగలో, నువ్వులో వెర్రి తెగులు మోసే పురుగులు కూడా ఆ గుంపువే. అక్కడ పది పురుగులున్నా టెన్షనే, ఎందుకంటే రసం కన్నా రోగం ప్రమాదం. ఈ తేడా అంతా 'దోమ' అన్న రెండక్షరాల్లో మాయమైపోతోంది, అదే నా బాధ.

పెరటిబెండ:
జార్జియా నుంచి రాస్తున్నాను, అమెరికా జార్జియా. 2025లో మా రాష్ట్రంలో పత్తి మీద ఇదే పురుగు బయటపడింది. ఇక్కడ దాన్ని రెండు చుక్కల పత్తి లీఫ్‌హాపర్ అంటున్నారు. మా పెరట్లో బెండ ఆకులు దోనెల్లా ముడుచుకుంటే ఫోటో తీసి మా అమ్మకు పంపాను. ఆమె ఒక్క మాటలో "పచ్చదోమ" అంది. ఇక్కడివాళ్లకు కొత్త పురుగు, మా అమ్మకు చిన్నప్పటి నుంచి తెలిసిన పురుగు. ఆ పేరు పోకూడదు. పక్కన శాస్త్రీయనామం కూడా ఉంటే రెండు దేశాల సమాచారమూ దొరుకుతుంది. నాకు అలాగే దొరికింది.

నల్లరేగడి:
అమ్మగారి మాట బాగుంది. పేరు పక్కన పేరు రాస్తామంటే నాకు అభ్యంతరం లేదు. నూగు ఎక్కువున్న పత్తి రకాల మీద పచ్చదోమ తక్కువ పడుతుందని మా నాన్న చెప్పేవారు, శాస్త్రవేత్తలూ అదే అన్నారు. ఇద్దరి మాటా వినడం నాకు అలవాటే.

కానీ తమ్ముడూ, సుడిదోమ అన్న మాట మాత్రం వదలను. షాపులో "దోమ మందు" అని అడగడం మానేస్తాను. ఏ పంట, ఆకు మీదా మొదట్లోనా, అది చెప్పి అడుగుతాను. బాబాయిని ఈసారి నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తియ్యమను. వంగి దుబ్బు తట్టి చూడ్డానికి దారుంటుంది.

పొలంగట్టు:
చెబుతాను అన్నా. భూతద్దం కూడా కొనిస్తాను.