సెయింట్ లూషియా: రిసార్ట్ పిటన్స్ దగ్గర తీసుకోవాలా, రోడ్నీ బే వైపా?

ప్లేనో పిల్ల:
ఫిబ్రవరిలో పెళ్ళిరోజుకి కరీబియన్ దీవి సెయింట్ లూషియా అనుకుంటున్నాం. మంచి లగ్జరీ రిసార్ట్ ఒకటి తీసుకుని చుట్టుపక్కలవి కూడా చూడాలని. కొందరేమో సూఫ్రియేర్ ఊరి వైపు, పిటన్స్ అనే జంట కొండలు కనిపించే చోటే ఉండమంటున్నారు, ఇంకొందరు ఉత్తరాన రోడ్నీ బే అంటున్నారు. మా ఆయన గుడ్డు కూడా ముట్టరు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గోదారిగట్టు:
ఇద్దరే కదా, పిటన్స్ వైపే వెళ్ళండి. గ్రో పిటన్ 770 మీటర్లు, పెటీ పిటన్ 743, రెండూ సముద్రంలోంచి నిటారుగా లేచి ఉంటాయి, 2004లో యునెస్కో జాబితాలో చేర్చింది. ఆ కొండలకి ఎదురుగా ఉండే జేడ్ మౌంటెన్‌లో గదికి నాలుగో గోడే ఉండదు, టీవీ ఉండదు, చాలా గదుల్లో అంచునే సొంత పూల్. రాత్రికి వెయ్యి డాలర్లు దాటిపోతుంది, మరి. అంత వద్దనుకుంటే కింద అదే యాజమాన్యానిది ఆన్స్ షాస్టనే ఉంది, ఒడ్డు నుంచి కొంచెం ఈదితే చాలు, పగడపు దిబ్బ (రీఫ్) మొదలైపోతుంది, పడవతో పని లేదు. ఒక్క మాట, గోడ లేదంటే పురుగూ పుట్రా కూడా వస్తాయి. దోమతెర ఉంటుంది గానీ, బల్లిని చూసి కేకలు పెట్టేవాళ్ళకి ఆ డబ్బు దండగ.

బోస్టన్ బాబాయ్:
నేను ఒప్పుకోను. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఉత్తరమే సుఖం. రెడ్యూట్ బీచ్‌లో అలలు పెద్దగా ఉండవు, రెస్టారెంట్లు నడిచే దూరంలో ఉంటాయి, పక్కనే పిజన్ ఐలాండ్. అది ఒకప్పుడు విడి దీవి, 1972లో కట్ట వేసి కలిపారు. పైన పాత బ్రిటిష్ కోట ఉంది, ఎక్కితే ఆకాశం తేటగా ఉన్న రోజు పక్కనున్న ఫ్రెంచి దీవి మార్టినిక్ కనిపిస్తుంది. ఫ్రెంచి నౌకల మీద అక్కణ్ణుంచే నిఘా పెట్టేవాళ్ళట. శుక్రవారం రాత్రి గ్రోజిలే ఊళ్ళో వీధంతా పొయ్యిలు, పాటలు, జనం. క్రికెట్ పిచ్చి ఉంటే డారెన్ సామీ గ్రౌండ్ కూడా ఆ దగ్గరే, 2024 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా మీద రోహిత్ 41 బంతుల్లో 92 కొట్టింది అక్కడే. మా ఆవిడ ఖాళీ స్టేడియం ముందు ఫొటో ఏంటండీ అని గొణిగింది, అది వేరే సంగతి.

విశాఖ తీరం:
బాబాయ్ గారూ, అసలు విషయం వదిలేశారు. అమెరికా నుంచి వచ్చే పెద్ద విమానాలు దిగేది దక్షిణం చివర హెవనోరా ఎయిర్‌పోర్టులో. అక్కణ్ణుంచి రోడ్నీ బేకి గంటన్నర పడుతుంది, సూఫ్రియేర్‌కి గంటలోపే. పైగా చూడాల్సినవాటిలో సగం సూఫ్రియేర్ చుట్టూనే. ఉత్తరాన ఉండి రోజూ కిందికి వస్తామంటే ఆ పడమటి రోడ్డు మన తిరుమల ఘాట్ రోడ్డే అనుకోండి, కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర వేసుకోండి, లేదంటే పడవలో రండి. టాక్సీలకి మీటర్ ఉండదు, ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి, చెప్పేది అమెరికా డాలరా ఈస్ట్ కరీబియన్ డాలరా అని కూడా అడగండి (ఒక అమెరికా డాలర్‌కి 2.70 వస్తాయి, అది మారదు).

ప్లేనో పిల్ల:
థాంక్యూ అందరికీ. సూఫ్రియేర్ దగ్గర సల్ఫర్ స్ప్రింగ్స్ (గంధకపు వేడి బుగ్గలు)లో బురద స్నానం నిజంగా బాగుంటుందా, ఊరికే ఫొటోలకేనా?

విశాఖ తీరం:
బాగుంటుందమ్మా, వెచ్చటి బూడిదరంగు నీళ్ళు, ఒళ్ళంతా బురద పూసుకుని ఆరాక కడుక్కోవడం. కుళ్ళిన గుడ్ల వాసన మాత్రం తప్పదు. మెట్టెలూ పట్టీలూ తీసి గదిలోనే పెట్టి వెళ్ళు, గంధకానికి వెండి నల్లబడిపోతుంది. తెల్లబట్టలు అసలొద్దు. గ్రో పిటన్ ఎక్కాలంటే గైడ్‌తో, పొద్దున్నే బయల్దేరండి, రానూపోనూ నాలుగు గంటలు పట్టొచ్చు, మోకాళ్ళు అరుగుతాయి. ఓపిక లేకపోతే టెట్ పాల్ ట్రెయిల్ చాలు, తేలిగ్గా నడుస్తూ రెండు కొండలూ చూడొచ్చు. ఇంకోటి, అక్కడి బీచ్‌లన్నీ పబ్లిక్‌వే. రెండు కొండల మధ్య షుగర్ బీచ్ రిసార్ట్‌లో దిగకపోయినా ఆ బీచ్‌కి వెళ్ళొచ్చు. ఆ తెల్ల ఇసుక బయటి నుంచి తెచ్చి పోసింది, అక్కడి అసలు ఇసుక నలుపు.

చారన్నం:
తిండి సంగతి నేను చెప్తా. మేం దిగిన ఆల్-ఇన్‌క్లూజివ్‌లో, అంటే గదితోపాటు తిండి కూడా కలిపి కట్టే రిసార్ట్‌లో (పేరెందుకులెండి) వెజ్ అంటే రోజూ అదే పాస్తా. బయట తింటేనే బతికాం. చేమదుంప, అరటికాయ, సీమపనస, అన్నీ మనకి తెలిసినవే. కాలలూ సూప్ చేమాకుతోనే చేస్తారు గానీ పీతో ఉప్పుమాంసమో వేస్తారు, అడిగి తాగండి. రాస్తాఫారీ మతంవాళ్ళు చేసుకునే ఇటల్ వంట దొరికితే వదలొద్దు, మాంసం ఉండదు, ఉప్పు కూడా చాలామంది వెయ్యరు, కాబట్టి పచ్చడి పట్టుకెళ్ళండి. శనగల రోటీ దొరుకుతుంది, 1859 నుంచి కూలీలుగా తెచ్చిన మనవాళ్ళ చలవ అది. బారన్ వాళ్ళ మిరప సాస్ ఆ ద్వీపానిదే, మన నాలుకకి సరిపోతుంది. మీవారు గుడ్డు కూడా తినరంటున్నారు కదా, ఆల్-ఇన్‌క్లూజివ్‌కి డబ్బు కట్టకండి, బ్రేక్‌ఫాస్ట్ వరకు తీసుకోండి.

ఫ్రిస్కో బావ:
చెల్లెమ్మా, అన్నిటికంటే ముందు పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ చూసుకున్నారా? హెచ్-1బి (ఉద్యోగ వీసా) స్టాంప్ గడువు తీరిపోయి ఐ-797 (అప్రూవల్ కాగితం) మాత్రమే ఉంటే సెయింట్ లూషియా నుంచి తిరిగి రాలేరు. ఆటోమేటిక్ రీవాలిడేషన్ (గడువు తీరిన స్టాంప్‌తోనే తిరిగి రానిచ్చే సడలింపు) హెచ్-1బి వాళ్ళకి కెనడా, మెక్సికోలకే, అదీ 30 రోజుల్లోపు. పక్క ద్వీపాల సడలింపు ఎఫ్ (స్టూడెంట్), జే (ఎక్స్ఛేంజ్) వీసాలకే. స్టాంప్ లేకపోతే ప్యూర్టో రికో, సెయింట్ థామస్, సెయింట్ జాన్ చూడండి, అవి అమెరికావే. సెయింట్ థామస్ నుంచి వచ్చేటప్పుడు మాత్రం చెకింగ్ ఉంటుంది, కాగితాలన్నీ దగ్గర పెట్టుకోండి.

ప్లేనో పిల్ల:
స్టాంప్ ఇంకా ఏడాది పైనే ఉంది అన్నయ్యా, టెన్షన్ లేదు. సూఫ్రియేర్ వైపే ఫిక్స్. ఆన్స్ షాస్టనే రేట్లు చూస్తున్నా. ఇంకేమైనా సర్దుకోవాలా?

గోదారిగట్టు:
ప్లగ్ అడాప్టర్, అక్కడ బ్రిటిష్ టైప్ మూడు పలకల పిన్ను, 240 వోల్టులు, అమెరికా హెయిర్ డ్రయ్యర్ పెట్టారో మాడిపోతుంది. మీ ఆయన మిలిటరీ డిజైన్ షార్ట్స్ ఉంటే ఇంట్లోనే వదిలెయ్యండి, అక్కడ మామూలు జనం ఆ బట్టలు వేసుకోవడం చట్టరీత్యా నిషేధం, పిల్లలకైనా సరే.

ప్లేనో పిల్ల:
అయ్యో, ఆయనకున్నవన్నీ అవే!