హెచ్.ఐ.వి. చికిత్స అందరికీ అందాలన్న ఉద్యమం కార్మిక సంఘాల పనేనా?

శ్రమజీవి:
హెచ్.ఐ.వి. నివారణ, చికిత్స అందరికీ అందేదాకా ఉద్యమించాలని మా సంఘం మహాసభలో తీర్మానం పెట్టారు. నేను వ్యతిరేకంగా ఓటు వేశాను. సభ్యుల చందాతో నడిచే సంఘం ముందుగా సభ్యుల వేతనాలనూ పనిచోటి భద్రతనూ చూడాలి. సంఘంతో సంబంధం లేనివారికి మందులు ఇప్పించడం ఆరోగ్యశాఖ బాధ్యత.

రాత్రిపాళీ:
ఆ బాధ్యతను ప్రభుత్వాలు తమంతట తాము నెరవేర్చిన సందర్భాలు అరుదు. దక్షిణాఫ్రికాలో చౌక మందులకు దారి తీసే చట్టంపై 39 ఔషధ కంపెనీలు దావా వేసినప్పుడు, అక్కడి కార్మిక సమాఖ్య కొసాటు, రోగుల పక్షాన పోరాడుతున్న ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్‌తో కలిసి వీధుల్లోకి వచ్చింది. 2001 ఏప్రిల్‌లో కంపెనీలు దావాను ఉపసంహరించుకున్నాయి. అధికార పక్షానికి మిత్రసంస్థ అయి ఉండి కూడా, మందుల విషయంలో ఆ ప్రభుత్వాన్నే కొసాటు బహిరంగంగా తప్పుపట్టింది. సభ్యుల వరకే చూసుకుని ఉంటే ఆ పని చేసేదా?

శ్రమజీవి:
అదే దేశంలో ఆంగ్లో అమెరికన్ గనుల కంపెనీ 2002లో తన ఉద్యోగులకు ఉచితంగా మందులు ఇస్తామని ప్రకటించింది. యాజమాన్యంతో మాట్లాడి సాధించవలసినది అదే. చందా గురించి నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు.

గళం:
ఆసుపత్రి కార్మికులకు సూది గుచ్చుకుంటే 72 గంటల్లోగా నివారణ మందు మొదలుపెట్టాలి. ఆ మందు ఎక్కడ దొరుకుతుందో ఎంతమంది సంఘ నాయకులకు తెలుసు?

రాత్రిపాళీ:
శ్రమజీవి గారూ, హెచ్.ఐ.వి.ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు జీవితాంతం వాడవలసినవి. కాంట్రాక్టు కొన్ని నెలలకే ముగుస్తుంది. కంపెనీ మందు కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతే, పని పోయిన రోజే చికిత్స కూడా పోతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ హెచ్.ఐ.వి. గురించి 2010లో చేసిన 200వ సిఫార్సు ఉద్యోగార్థులనూ అసంఘటిత రంగంలో ఉన్నవారినీ కలుపుకున్నది. చందా కట్టినవారే కార్మికులన్న లెక్క అందులో లేదు.

శ్రమజీవి:
సిఫార్సు పాటించి తీరాలని ఎవరినీ కట్టడి చేయదు. చందా కట్టేవాడికి మాత్రం సంఘం లెక్క చెప్పి తీరాలి. మూడోసారి అడుగుతున్నాను, ఆ డబ్బు ఎవరిది?

రాత్రిపాళీ:
చందా, చందా అని ఎన్నిసార్లు అంటారు? మా అన్నయ్య కాంట్రాక్టు కార్మికుడు. ఒక ఆరోగ్య శిబిరంలో ఆయనను అడగకుండానే హెచ్.ఐ.వి. పరీక్ష చేశారు, ఫలితం ఆయనకన్నా ముందు సూపర్‌వైజరుకు చేరింది, మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. సంఘం కార్యదర్శి దగ్గరకు వెళ్తే, రిజిస్టరులో పేరు లేదని వెనక్కి పంపాడు. మీరు సమర్థిస్తున్న లెక్క అదే.

శ్రమజీవి:
మీ అన్నగారికి జరిగినది అన్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఇంతవరకు చెప్పనిది చెబుతాను. నా పక్క యంత్రం మీద పనిచేసిన మనిషి తన జబ్బు సంగతిని మా కార్యవర్గంలో ఒకరికి నమ్మి చెప్పుకున్నాడు. వారం తిరగకముందే ఆ మాట క్యాంటీను దాకా వెళ్లింది. మందుల కోసం వెళ్తే ఎవరు చూస్తారోనన్న భయంతో ఆయన చికిత్సే మానేశాడు. రహస్యం దాచలేని సంఘం చేతికి ఈ ఉద్యమం ఇవ్వడానికే నా మనసు ఒప్పుకోవడం లేదు. డబ్బు మాట ఆ తరువాతదే.

గళం:
ఈ సంగతి మొదటే చెప్పి ఉండవలసింది.

రాత్రిపాళీ:
ఆ భయం నాకూ ఉన్నది. పరీక్ష ఇష్టపూర్వకంగానే జరగాలనీ, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలనీ ఆ సిఫార్సే చెబుతున్నది. ఏ కార్మికుడి ఆరోగ్య వివరాలనూ కార్యవర్గం అడగరాదు, నమోదు చేయరాదు అన్న నిబంధనను తీర్మానంలో చేర్చమనండి. దానితోపాటు, కాంట్రాక్టు కార్మికుల తరఫున కూడా సంఘమే నిలబడాలని రాయించండి.

శ్రమజీవి:
మొదటి నిబంధన చేరిస్తే నేను అనుకూలంగా ఓటు వేస్తాను. రెండోదానికి ఒప్పుకోలేను, ముందు వారిని సభ్యులుగా చేర్చుకోండి.

రాత్రిపాళీ:
చేరిన మర్నాడే కాంట్రాక్టరు వారిని తీసేస్తాడు. అందుకే చేరడం లేదు.