ఈ వారం సమస్య: "నొప్పి రాలేదనుచు నమ్మ నొచ్చుకొనెను"

పర్లాకిమిడి నుంచి, నిర్వాహకురాలు:

అందరికీ నమస్కారం. సమస్య అంటే పద్యానికి ఆఖరి పాదం మేమిస్తాం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. ఈసారి సమస్యను పుస్తకంలోంచి తీయలేదు, మా వంటింట్లో దొరికింది. మా కోడలికి 40 వారాలు నిండి నాలుగు రోజులైంది. ఇది రెండో కాన్పు. పొద్దున్న కాఫీ గ్లాసు అందుకుంటూ, "నొప్పులు రాలేదనే బాధే పెద్ద నొప్పిగా ఉందత్తయ్యా" అంది. పాపం, తను ఏడవలేక నవ్వుతూ అన్న మాట. నేను మాత్రం వేళ్ళమీద గణాలు (గురులఘువుల గుంపులు) లెక్కపెట్టుకున్నాను.

ఛందస్సు తేటగీతి అని చూడగానే తెలుస్తుంది కదా. కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క: సూర్యగణం ఒకటి, ఇంద్రగణాలు రెండు, మళ్ళీ సూర్యగణాలు రెండు. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. ప్రాస, అంటే పాదాల రెండో అక్షరాలు కలవడం, అక్కర్లేదు. ఆదివారం రాత్రి వరకు గడువు.

నాది ఒకటే షరతు. పద్యంలో రెండో కాన్పని తెలియాలి. తొలిచూలుకైనా సరిపోయే పద్యమైతే సగం మార్కులే.

బరంపురం అక్క:

బొంత కుట్టుట యయిపోయె, బుడ్డదాని
గౌను సర్దుట యయిపోయె; గడువు దాటె;
చెల్లి రాదేమి యని పాప చిన్నబోయె;
నొప్పి రాలేదనుచు నమ్మ నొచ్చుకొనెను.

గుణుపురం మాస్టారు: యతులు శుభ్రంగా పడ్డాయి. "యయిపోయె" రెండుసార్లు రావడం దోషం అనబోయి ఆగాను. పనులన్నీ అయిపోయాయి, అవ్వాల్సిందే అవలేదన్న విసుగు ఆ పునరుక్తిలోనే ఉంది. కానీ అమ్మా, "చెల్లి" అని ముందే ఎలా తేల్చేశారు? లింగ నిర్ధారణ చెయ్యకూడదని 1994లోనే చట్టం వచ్చింది కదా!

బరంపురం అక్క: ఆ మాట అన్నది పాప మాస్టారూ, స్కానింగ్ చేసినవాళ్ళు కాదు.

నిర్వాహకురాలు: బొంత అనగానే నా కళ్ళు మా పెరటి దండెం మీదికి పోయాయి. నా పాత నేత చీరలు రెండు మడతేసి, అంచుల వెంట నల్లదారంతో కుట్టాం. ఇప్పటికి మూడుసార్లు ఉతికి ఆరేశాం. కుట్టిన పని దగ్గర ఆగకుండా ఆ ఉతుకుడు కూడా పెట్టి ఉంటే ఎదురుచూపు ఇంకా కళ్ళకు కట్టేది.

రాయగడ తమ్ముడు:

దొంగ నొప్పుల కాటోను తోలుకొచ్చి
తిరిగి యింటికి జేరిరి తెల్లవాఱ;
మబ్బు కమ్మిన వానయే మఱలినట్లు
నొప్పి రాలేదనుచు నమ్మ నొచ్చుకొనెను.

గుణుపురం మాస్టారు: మూడో పాదం బాగుంది. మహేంద్రగిరి మీద మబ్బు కమ్మి, మన వైపు చుక్క రాల్చకుండా పోవడం ఏటా చూస్తున్నదే. "ఆటో" పద్యంలో పొసగలేదు.

రాయగడ తమ్ముడు: వాడుకభాష కోసం పోరాడిన గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి నడిచే శీర్షికలో ఆటోకు చోటు లేదా మాస్టారూ? రథం అనమంటారా?

గుణుపురం మాస్టారు: సరే, ఆటో ఉండనీ. మరి షరతు మాటేమిటి? ఇందులో రెండో కాన్పు ఎక్కడుంది?

నిర్వాహకురాలు: అక్కడే దొరికిపోయాడు తమ్ముడు. పద్యం నాకు నచ్చింది, మార్కులు మాత్రం సగమే.

జయపురం నర్సమ్మ: నేను పద్యాలు రాయను, చదువుతాను. ఒక్క మాట చెప్పాలి. దొంగ నొప్పులు కాసేపు నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా చాలాసార్లు తగ్గిపోతాయి. అసలు నొప్పులు తగ్గవు, దగ్గర పడుతూ బలపడతాయి. అయితే ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకుండా బయల్దేరాలి. మా ఒడిశాలో గర్భిణులకు 102 అంబులెన్సు బండి ఉంది తమ్ముడూ, ఆటో వెతుక్కోనక్కర్లేదు.

కొత్త సభ్యుడు (తనకిది తొలి పూరణ అన్నారు; మొదటి పాదం "రెండవ కాన్పు వేగమే రెప్పపాటే" అని పంపారు):

గుణుపురం మాస్టారు: "రెండ" వరకు గలం (గురువు, లఘువు), అది సూర్యగణమే, బాగానే ఉంది. తరువాత "వకాన్పు" జగణమైంది (లఘువు, గురువు, లఘువు), అది ఇంద్రగణాల్లో లేదు. చివర "పాటే"లో రెండూ గురువులే. "రెండొ కాన్పిక" అని మొదలుపెట్టి, చివర "టె" అని కుదిస్తే నడుస్తుంది. సవరించిన రూపం:

రెండొ కాన్పిక వేగమే, రెప్పపాటె
యనుచు నందఱు చెప్పిరి, యాఱునాళ్ళు
గోడ గడియార మెదుటనే కునుకు మాని
నొప్పి రాలేదనుచు నమ్మ నొచ్చుకొనెను.

జయపురం నర్సమ్మ: ఈ అబ్బాయి తెలిసి రాశాడో తెలియక రాశాడో గానీ అసలు సంగతి పట్టుకున్నాడు. రెండో కాన్పు మామూలుగా వేగమే, కానీ నొప్పులు మొదలయ్యాకే! మొదలవడానికి వేగమేమీ లేదు. డాక్టర్లు ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కకట్టి తేదీ ఇస్తారు. సరిగ్గా ఆ రోజునే కనేవాళ్ళు నూటికి నలుగురో అయిదుగురో. ఈ రెండు వేగాలనూ కలిపేసి ఇంటిల్లిపాదీ "ఇంకా లేదా, ఇంకా లేదా" అని గర్భిణి ప్రాణం తీస్తారు.

నిర్వాహకురాలు: నర్సమ్మా, నన్నే అన్నట్టుంది. నిన్న నేనే నాలుగుసార్లు అడిగాను.

సోంపేట నుంచి, ఒడిశా కోడలు:

తొలిది పుట్టింట నయ్యెను, దూరమందు
మలిది యత్తింట, రైలెక్కి మనుమరాలి
కొఱకు జంతికల్ గొనివచ్చి కూరుచుండి
నొప్పి రాలేదనుచు నమ్మ నొచ్చుకొనెను.

గుణుపురం మాస్టారు: భేష్! ఇంతవరకు అందరూ "అమ్మ" అంటే కడుపుతో ఉన్నామెనే అనుకున్నారు. ఈమె అమ్మమ్మను చేసింది. సమస్యలో ఒక్క అక్షరం మార్చకుండా మనిషిని మార్చడమే పూరణ అంటే.

నిర్వాహకురాలు: ఈ వారానికి నా ఓటు దీనికే. "జంతికల్" అని పొల్లు పెట్టి కుదించారు, నోట్లో కాస్త గట్టిగా తగిలింది, అయినా సరే. మా వియ్యపురాలు నౌపడాలో బండి మారి వచ్చి ఎనిమిది రోజులైంది. జంతికల డబ్బా అడుగు కనిపిస్తోంది. ఇంటి దగ్గర వియ్యంకుడు చెయ్యి కాల్చుకుంటున్నాడని ఫోన్లు. వెళ్ళిపోతే ఆ రాత్రే నొప్పులొస్తాయని భయం, ఉంటే ఎన్నాళ్ళో తెలియదు. ఆమె మా కోడలి పొట్ట వైపు చూసే చూపు నాకు తెలుసు. తొలి కాన్పప్పుడు ఆమె ఇంట్లో నేనూ ఇలాగే కూర్చున్నాను.

పన్ను పీకించుకునేముందు ఇంజెక్షన్ ఇచ్చారు, అందుకే నొప్పి రాలేదు అని ఒక పూరణ వచ్చింది. నవ్వుకున్నాం. మరి నొచ్చుకోవడం దేనికి?

ఆదివారం గడువు అన్నాను కదా. ఇంట్లో ఇచ్చిన తేదీయే దాటిపోయింది, ఇక్కడ మాత్రం పట్టుబట్టడం దేనికి? బుధవారం దాకా పంపండి.

బరంపురం అక్కా, మీ పద్యం మా మనవరాలికి చదివి వినిపించాను. చెల్లి అన్న మాట దగ్గర ఆపింది. "చెల్లి కాదు నానమ్మా, నాకు అన్నయ్య కావాలి" అంది.