వాళ్ళకు సేద్యం చేయమని ఎవురు చెప్పినారు సార్?

సాంఘికంసార్ (ప్రశ్న):

అనంతపురం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో సాంఘికం చెప్తాను. మొన్న ఆరో తరగతికి ఆదిమానవుడి పాఠం. పద్దెనిమిదేళ్ళుగా చెప్తున్న మాటలే చెప్పాను. వేటాడి, దుంపలు తవ్వుకుని బతికారు, తిరిగి తిరిగి విసిగిపోయారు, పారేసిన గింజ మొలకెత్తడం చూశారు, నది ఒడ్డున గుడిసెలు వేసుకుని పంటలు పండించారు, అక్కణ్ణుంచి సుఖపడ్డారు.

సుఖపడ్డారు అనగానే మూడో బెంచీలో ఒక పిల్ల లేచింది. "సార్, మా నాయన మూడేండ్లుగా చెనిక్కాయ ఏసి నష్టపోతాండాడు. అడివిలో తిండి ఉన్నెప్పుడు వాళ్ళకు సేద్యం చేయమని ఎవురు చెప్పినారు సార్?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి "రేపు చెప్తా, కూర్చో" అన్నాను. ఆ రేపు వచ్చి నాలుగు రోజులైంది. ఆ పిల్ల రోజూ నా మొహం చూస్తోంది.

పరీక్షలో రాసే జవాబు నా దగ్గరే ఉంది, అది వద్దు. నిజంగా ఎందుకు మారారు? సేద్యమే సుఖమని వాళ్ళకు అనిపించిందా? అనిపించకపోతే వెనక్కి ఎందుకు పోలేదు? మన వైపు పిల్లలకు చూపించదగ్గది ఏదన్నా ఉంటే అదీ చెప్పండి.

గదిఅద్దె:

నది పక్కన ప్లాటు, రేపు రేటు పెరుగుద్దని ఎవరో మధ్యవర్తి చెప్పుంటాడు సార్. అప్పట్నుంచి ఈఎంఐలు కడుతూనే ఉన్నాం.

నువ్వుచేను:

సార్, ముందు ఆ పిల్లకు ఒక చాక్లెట్ కొనివ్వండి.

నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, కొన్నేళ్ళు విత్తనాల కంపెనీలో చేసి, ఇప్పుడు ప్రకాశం జిల్లాలో మా నాన్న పొలం ఆరెకరాలు చూసుకుంటున్నాను. కాబట్టి సేద్యంలో సుఖం సంగతి నన్నడక్కండి. మిగతాది చెప్తాను.

మీరు చెప్పిన పాఠంలో వరసే తిరగబడింది. పంట వేయడం వచ్చాక ఒకచోట కుదురుకున్నారు అంటాం. గోధుమ, బార్లీ పుట్టిన పశ్చిమాసియాలో జరిగింది దాదాపు దానికి ఎదురు. అక్కడ కొండవాలు మీద అడవి గోధుమ దానంతటదే చేలు చేలుగా మొలుస్తుంది. 1960ల్లో జాక్ హార్లన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త టర్కీలో అలాంటి కొండకు పోయి, చెకుముకి రాయి పళ్ళు పెట్టిన కొడవలితో కోసి చూశాడు. గంటకు కిలో దాకా శుభ్రమైన గింజ వచ్చింది. ఆ లెక్కన ఒక కుటుంబం మూడు వారాలు కోసుకుంటే ఏడాది తిన్నా మిగులుతుంది. దున్నింది లేదు, చల్లింది లేదు, యూరియా కోసం లైన్లో నిలబడింది లేదు.

అయితే అంత గింజను నెత్తిన పెట్టుకుని ఎవరు తిరుగుతారు? గింజ దాచినచోటే మనిషి కాపలా ఉండాలి. తిరగలి రాయి బరువు. రోలు అంతకన్నా బరువు. అలా ఈనాటి ఇజ్రాయెల్, జోర్డాన్, సిరియాల్లో నతూఫియన్లనే జనం సుమారు 14,500 ఏళ్ళ కిందటే గుండ్రటి రాతి ఇళ్ళు కట్టుకున్నారు, రోళ్ళు తొలిచారు, కొడవళ్ళు వాడారు. వాళ్ళకు పంట లేదు. రొట్టె మాత్రం ఉంది! జోర్డాన్‌లో షుబైకా అనేచోట పొయ్యిలో మాడిపోయిన రొట్టె ముక్కలు దొరికాయి, వయసు 14,400 ఏళ్ళు. అంటే మనిషి రొట్టె కాల్చడం మొదలుపెట్టిన నాలుగు వేల ఏళ్ళకు గానీ గోధుమ పంట చేతికి రాలేదు.

మరి చల్లడం ఎప్పుడు, ఎందుకు? ఇక్కడ నా సొంత నష్టం ఒకటి చెప్పుకోవాలి. నువ్వు కాయ కింది నుంచి పైకి పండుతుంది. కింది కాయలు పసుపు తిరగ్గానే కోసెయ్యాలి. పోయినేడు కూలీలు దొరక్క రెండ్రోజులు ఆగాను. కాయలు నోళ్ళు తెరిచాయి, సాయంత్రం గాలి కొట్టింది, గింజంతా నేలపాలు. చీమలకు పండగ. నాకు ఏడుపొచ్చింది గానీ మొక్కది తప్పేముంది? గింజ రాలితేనే కదా దానికి మళ్ళీ పుట్టుక.

అడవి గోధుమ కంకీ అంతే, పండగానే కణుపు కణుపు విడిపోయి రాలుతుంది. ఎక్కడో ఒక కంకి పుట్టుకలోనే లోపంతో రాలకుండా అలాగే నిలబడుతుంది. అడవిలో అయితే దాని వంశం అక్కడితో సరి. కొడవలి పట్టుకున్న మనిషి వచ్చాక కథ మారింది. రాలేవి దార్లోనే రాలగా, రాలనివి ఎక్కువగా ఇల్లు చేరాయి. ఇల్లు చేరినవాట్లోంచే తర్వాతి ఏడు చల్లడానికి తీశారు. ఏటా అదే. కొన్నాళ్ళకు మనిషి చల్లకపోతే బతకలేని గోధుమ తయారైంది. ఎవరూ కావాలని చేసింది కాదు, ఒక్క తరంలో అయిందీ కాదు. పురావస్తు తవ్వకాల్లో దొరికిన మాడిన కంకి ముక్కల్ని చూస్తే, రాలేవీ రాలనివీ వెయ్యేళ్ళకు పైగా కలిసే ఉన్నాయి. మన వరి చేలో ఊదను చూడండి, అది ఈ రోజుకీ లొంగలేదు. వరి కోతకు వచ్చేలోపే తన గింజ తాను రాల్చేసుకుని కూర్చుంటుంది.

వాతావరణం పాలు కూడా ఉంది. మంచుయుగం చివర్లో, సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ళ కిందటి వరకు, మళ్ళీ ఒక చలి దెబ్బ. ఆ కరువులో దొరికిన గింజను దగ్గర పెట్టుకుని చల్లారని కొందరు, దాని తర్వాత వాతావరణం నిలకడ పడ్డాకే సేద్యం కుదిరిందని కొందరు. నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది. వానల మీద నమ్మకం లేనిచోట విత్తనం నేలలో పోయడానికి ఎంత గుండె కావాలో మీ అనంతపురం వాళ్ళకు నేను చెప్పాలా?

ఇక సుఖం. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురైరా అనే దిబ్బ ఉండేది. ఆనకట్ట కింద మునిగిపోతుందని 1972, 73లో హడావిడిగా తవ్వారు. అడుగున వేటగాళ్ళ ఊరు, పైన రైతుల ఊరు, రెండూ ఒకే చోట. రైతుల కాలపు ఎముకల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళవాటిలో, కాలి బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయి ఉన్నాయి, మోకాళ్ళు, నడుము దెబ్బతిని ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు నేలకు తన్ని, రోజూ గంటలకొద్దీ గింజ నూరడం వల్ల. మా అమ్మ నలభై ఏళ్ళు కలుపు తీసింది. ఎక్స్‌రే చూసి డాక్టరు అన్నమాటే ఆ ఎముకల గురించి చదివినప్పుడు గుర్తొచ్చింది.

వెనక్కి ఎందుకు పోలేదంటారా, పిల్లలు. తిరిగే తల్లి ఒక బిడ్డను చంకనేసుకోగలదు, ఇద్దర్ని మోయలేదు. ఆఫ్రికా కలహారి ఎడారిలో వేటతో బతికిన జనంలో కాన్పుకీ కాన్పుకీ నాలుగేళ్ళ దాకా ఎడం ఉండేది. ఊళ్ళో కుదురుకుని, గింజ జావ పట్టడం మొదలుపెడితే పాలు తొందరగా మానతారు, కడుపు తొందరగా పండుతుంది. మూడు తరాలు తిరిగేసరికి ఊరు నిండిపోయింది. అంతమందిని ఇప్పుడు ఏ అడవి మేపుతుంది? ఇంకాస్త కొండ దున్నడమే దారి.

గదిఅద్దె:

నా ఈఎంఐ సిద్ధాంతం కరెక్టే అన్నమాట.

బూడిదదిబ్బ:

అక్క చెప్పింది పశ్చిమాసియా కథ. మన దక్కన్‌లో అట్ల జరగలే. నేను పురావస్తు శాస్త్రంల పీజీ చేసిన, మాది పాలమూరు. సార్ అడిగిన 'మన వైపు' సంగతి నేను చెప్త.

మా దిక్కు ముందుగాల వచ్చింది గొడ్లు, పంట కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాల ఉట్నూరు అని ఉంది (ఆదిలాబాద్ ఉట్నూరు అనుకునేరు, గ్రూప్స్ పరీక్షల మస్తుమంది అట్లనే మార్కులు పోగొట్టుకుంటరు). ఆడ పెద్ద బూడిద దిబ్బ. 1957ల ఆల్చిన్ అనే బ్రిటిష్ ఆయన తవ్విండు. బూడిద పొరల నడుమ ఆవుల గిట్టల అచ్చులు దొరికినయి, చుట్టూ కంచె గుంజలు పాతిన గుంతలు దొరికినయి. అంటే అది పశువుల దొడ్డి. యాండ్ల తరబడి పేడ కుప్పపడుడు, దాన్ని కాలబెట్టుడు, మళ్ళ కుప్పపడుడు. కొన్నిచోట్ల మంట ఎంత గట్టిగ మండిందంటే బూడిద కరిగి గాజు లెక్క గట్టిపడ్డది. ఇదంతా సుమారు 4,500 ఏండ్ల కిందటి ముచ్చట. తవ్వకముందు జనం ఈ దిబ్బలను రాక్షసుల బూడిద అనుకున్నరు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను ఇప్పటికీ వాలిని కాలబెట్టిన చోటంటరు.

సార్‌కు దగ్గర్ల కల్యాణదుర్గం వైపు పాలవాయి ఉంది, ఆడ కూడ బూడిద దిబ్బలు తవ్విండ్రు.

పంటలు మెల్లగ కలిసినయి. కర్ణాటకల సంగనకల్లు, హల్లూరు లాంటి చోట్ల మట్టిని నీళ్ళల్ల వేసి తేలిన మాడిన గింజలను ఏరితే ఎక్కువగ దొరికినయి నాలుగు: అండుకొర్రలు, కొర్ర జాతిదే ఇంకో చిన్న గింజ, ఉలవలు, పెసలు. గోధుమ, బార్లీ తర్వాత బయటి నుంచి కొంచెం కొంచెం వచ్చినయి. ఇయ్యాల షుగర్ ఉన్నోళ్ళు సూపర్ మార్కెట్ల రేటు పెట్టి కొనే అండుకొర్రలు మన దక్కన్ రైతు మొదటి పంట సార్! నాకైతే దీనికి మించిన పాఠం లేదు. ఒక పాకెట్ కొనుక్కపోయి ఆ పిల్ల చేతుల పోయండి.

ఇంకొకటి. మన జనం గొడ్లతోని తిరుగుతనే పంట వేసిండ్రు. తిరుగుడు ఒకదినం బంద్ అయి సేద్యం ఒకదినం షురూ అయినట్టు పుస్తకంల గీత గీస్తరు, అట్లాంటి గీత ఇక్కడ లేదు.

నల్లమలగాలి:

దూరం పోవడం ఎందుకు, మా ఆత్మకూరు అడవిలో చెంచులు ఇప్పటికీ పాతరాతియుగంలోనే ఉన్నారు కదా. వాళ్ళనే అడిగితే సరి.

బూడిదదిబ్బ:

అన్నా, ఆ మాట వద్దు. చెంచులు దుంపలు తవ్వుతరు, తేనె తీస్తరు, నిజమే. కాని శతాబ్దాల నుంచి అదే తేనె, చింతపండు కింది ఊర్లల్ల ఇచ్చి గింజలు, గుడ్డ, ఇనుము తెచ్చుకుంటున్నరు. శ్రీశైలం యాత్రికులను నడిపించిండ్రు. వాళ్ళు మనతోటి ఈ కాలంల బతికేటోళ్ళు. అడుగుడైతే అడగాలె, ఆదిమానవుడని కాదు, అడవి తెలిసినోళ్ళని.

నల్లమలగాలి:

సరే, మాట వెనక్కి తీసుకుంటున్నా. చిన్నప్పుడు మా ఇంటికి తేనె తెచ్చిన తాత మా నాన్నతో అన్నమాట ఒకటి గుర్తుంది. "మీరు ఏడాదంతా ఒక్క గింజ మీద ఆశ పెట్టుకుంటారు. మాకు ఈ చెట్టు కాయకపోతే ఇంకో చెట్టు." మా నాన్న ఆ ఏడు పత్తి వేసి ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు.

సాంఘికంసార్:

అందరికీ నమస్కారాలు. ఇవాళ చెప్పేశాను. పాఠం వరస తప్పని పిల్లల ముందే ఒప్పుకున్నాను. కొడవలి, రాలని కంకి కథ వాళ్ళకు బాగా పట్టింది. మోకాళ్ళ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆ పిల్ల అంతా విని "అయితే ఎవురూ చెప్పలే, వాళ్ళే ఇరుక్కున్యారు" అంది. వెంటనే ఇంకో ప్రశ్న. రాలని కంకి ముందు ఎవరి కంటబడింది, ఆడవాళ్ళకా మగవాళ్ళకా? గింజ ఏరిందీ నూరిందీ ఆడవాళ్ళయితే వాళ్ళకే తెలిసి ఉండాలి కదా అని. రేపు చెప్తా అనలేదు ఈసారి. నువ్వు చెప్పిందే నాకూ సబబనిపిస్తోంది అన్నాను.

వచ్చే శనివారం పాలవాయి తీసుకెళ్దామని హెడ్మాస్టర్ని అడిగాను, బస్సు డబ్బులు కుదిరితే వెళ్తాం. నువ్వుచేను గారూ, రాలడం కళ్ళారా చూపించడానికి కోతకొచ్చిన నువ్వు మొక్కలు నాలుగు తీసుకెళ్దామనుకుంటున్నా. మా ఊళ్ళో ఒకాయన ఇస్తానన్నాడు.

నువ్వుచేను:

తీసుకెళ్ళండి సార్. కాకపోతే తలకిందులుగా పట్టుకోకండి, కట్ట చుట్టూ పాత చీర గట్టిగా చుట్టండి. లేకపోతే పాలవాయి చేరేసరికి మీ చేతిలో ఉత్త పుల్లలుంటాయి, నువ్వులన్నీ బస్సు సీట్ల కింద ఉంటాయి.