పరుగు కొలవడానికి ఫోన్ సరిపోతుందా, వాచ్ కొనాలా? (5 కి.మీ.కి యాప్ 5.6 చూపిస్తోంది)

కొత్త బూట్లు:
ఫోన్‌లో స్ట్రావా అనే రన్నింగ్ యాప్ ఆన్ చేసి, నడుముకు పౌచ్‌లో కట్టుకుని పరుగెత్తుతున్నాను. మూడు చిక్కులున్నాయి. 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర చుట్లు తిరిగితే 5 కి.మీ. రావాలి కదా, యాప్ 5.6 అంటోంది. ఎత్తైన భవనాలున్న రోడ్డు మీద గీత ఇళ్ల మీదుగా పోతోంది, పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) ఒకసారి 5 నిమిషాలు, ఆ వెంటనే 7 నిమిషాలు. పైగా వారానికోసారైనా మధ్యలో రికార్డింగ్ ఆగిపోతోంది. నాలుగు నెలల్లో 10 కి.మీ. పోటీ ఉంది. వాచ్ కొంటే ఈ మూడూ తీరతాయా? లేక చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండ్ సరిపోతుందా?

టేపు కొలత:
కొనే సంగతి తర్వాత. ముందు ఇది చెప్పండి: మీరు ఏ లేన్‌లో పరుగెత్తుతున్నారు?

400 మీటర్లన్నది మొదటి లేన్ లెక్క మాత్రమే. అదీ లోపలి గట్టుకు 30 సెం.మీ. ఎడంగా కొలిచింది. లేన్ వెడల్పు 1.22 మీ. కాబట్టి ఒక్కో లేన్ బయటికి జరిగే కొద్దీ చుట్టుకు దాదాపు 7.7 మీటర్లు కలుస్తాయి. రెండో లేన్ 407, నాలుగోది 422, ఎనిమిదోది 453. ఎనిమిదో లేన్‌లో పన్నెండున్నర చుట్లంటే సుమారు 5,660 మీటర్లు. మీరు బయటి లేన్‌లో తిరుగుతుంటే ఫోన్ నిజమే చెబుతోంది.

మొదటి లేన్‌లోనే 5.6 వస్తుంటే అప్పుడు జీపీఎస్‌ని అనుమానించాలి. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ గుర్తించే ప్రతి బిందువూ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ఆ బిందువుల్ని వరసగా కలిపితే తిన్నని దారి కూడా కాస్త వంకరై, దూరం పెరుగుతుంది. మలుపుల దగ్గర దీనికి ఎదురు జరుగుతుంది: బిందువుల మధ్య ఎడం ఎక్కువైతే యాప్ వంపును అడ్డంగా కోసేస్తుంది, దూరం తగ్గుతుంది. ట్రాక్‌లో సగానికి పైగా వంపులే, అందుకే అక్కడ ఏ జీపీఎస్‌కైనా కష్టం. బిందువులు సెకనుకొకటి రాసే సెట్టింగ్ మీ యాప్‌లో ఉంటే అదే పెట్టండి. బ్యాటరీ ఆదా పేరుతో అరకొరగా రాసే పద్ధతి వద్దు.

పరీక్ష ఇలా చేయండి. మొదటి లేన్‌లో ఒక గీత దగ్గర నిలబడి యాప్ తెరవండి. జీపీఎస్ దొరికిందని చూపించాక కూడా ఇంకో నిమిషం ఆగండి. సరిగ్గా 5 చుట్లు, అంటే 2,000 మీటర్లు. అదే గీత మీద ఆపండి. మూడు వేరువేరు రోజుల్లో చేయండి. మూడుసార్లూ 2,030, 2,040 లాగా ఒకే వైపు కాస్త తేడా వస్తే ఫోన్ బాగానే ఉంది, దాంతోనే సాధన చేసుకోవచ్చు. ఒకరోజు 1,900, ఇంకోరోజు 2,150 వస్తే ఫోన్ పెట్టుకునే చోటునో, సెట్టింగ్స్‌నో చూడాలి.

బ్యాటరీ డాక్టర్:
మధ్యలో ఆగిపోవడం యాప్ తప్పు కాదు, జీపీఎస్ తప్పూ కాదు. స్క్రీన్ ఆరిపోయాక బ్యాటరీ మిగల్చాలని ఫోన్ ఆ యాప్‌ని చంపేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఇవి వరసగా చూసుకోండి.

సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మీ రన్నింగ్ యాప్, అందులో బ్యాటరీ. అక్కడ ‘ఆప్టిమైజ్డ్’ ఉంటే ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. కొన్ని కంపెనీల ఫోన్లలో దీనికి తోడు ‘ఆటోస్టార్ట్’ అని వేరే మీట ఉంటుంది, అదీ ఆన్ చేయాలి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. తర్వాత లొకేషన్ అనుమతిలో ‘ప్రిసైజ్’ ఆన్‌లో ఉందా చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచీ, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచీ ఈ మీట విడిగా వచ్చింది. అది ఆఫ్‌లో ఉంటే యాప్‌కి మీ పేట తెలుస్తుంది, మీ అడుగు తెలియదు. ఫోన్ మొత్తానికి పెట్టే బ్యాటరీ సేవర్, ఐఫోన్‌లో లో పవర్ మోడ్, పరుగు పూర్తయ్యేదాకా ఆఫ్‌లోనే ఉండాలి. ఇటీవలి యాప్‌ల జాబితాలో రన్నింగ్ యాప్ మీద తాళం గుర్తు పెట్టే వీలుంటే పెట్టేయండి. చివరగా, రికార్డింగ్ మొదలయ్యాక పైన నోటిఫికేషన్ కనబడాలి. దాన్ని బ్లాక్ చేసి ఉంటే తీసేయండి. ఆ నోటిఫికేషన్ ఉన్నంతసేపే యాప్ బతికుంటుంది అనుకోండి.

ఫోన్ అప్‌డేట్ అయ్యాక ఈ సెట్టింగ్‌లు ఒక్కోసారి మొదటికొస్తాయి. అప్‌డేట్ వచ్చిన రోజు మళ్లీ చూసుకోవాలి.

ఇంకోటి: ఆటో పాజ్. నెమ్మదిగా పరుగెత్తేవాళ్లకీ, చెట్ల కింద సిగ్నల్ తగ్గినప్పుడూ ఇది ‘ఆగారు’ అనుకుని గడియారం ఆపేస్తుంది. చూడ్డానికి రికార్డింగ్ తెగినట్టే ఉంటుంది. పోటీ రోజు మాత్రం దీన్ని తప్పనిసరిగా ఆఫ్ చేయండి. పోటీ గడియారం నీళ్ల టేబుల్ దగ్గర మీకోసం ఆగదు.

కొత్త బూట్లు:
ఎనిమిదో లేనేనండి! లోపలి లేన్లలో వేగంగా వెళ్లేవాళ్లు ఉంటారని బయటే తిరుగుతున్నాను. సరే, ఆ చిక్కు తీరింది. బ్యాటరీలో ‘ఆప్టిమైజ్డ్’ అనే ఉంది, మార్చాను. మరి భవనాల మధ్య సంగతి, పేస్ సంగతి?

టేపు కొలత:
భవనాల మధ్య ఉపగ్రహం సంకేతం నేరుగా రాకుండా గోడలకు తగిలి వస్తుంది. దారి పొడవైతే రావడానికి ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యాన్ని పరికరం దూరంగా లెక్కేస్తుంది. మీరు రోడ్డు మీదున్నా పక్క భవనంలో ఉన్నట్టు చూపించేది ఇందుకే. పాత పరికరాలు ఎల్1 అనే ఒక్క పౌనఃపున్యాన్నే (1575.42 మెగాహెర్ట్జ్) వింటాయి. కొత్త వాటిల్లో చాలా వరకు ఎల్5 కూడా (1176.45 మెగాహెర్ట్జ్) వింటాయి. గోడకు తగిలొచ్చిన సంకేతాన్ని నేరుగా వచ్చినదాని నుంచి విడదీయడం ఎల్5లో తేలిక. కాబట్టి ఎప్పుడూ మేడల మధ్యే పరుగెత్తేవాళ్లకి ‘డ్యూయల్ ఫ్రీక్వెన్సీ’ లేదా ‘మల్టీబ్యాండ్’ అని ఉన్న వాచ్ నిజంగా పనికొస్తుంది. మైదానంలోనో ఊరి బయట రోడ్డు మీదో పరుగెత్తేవాళ్లకి దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు.

పేస్ సంగతికి చిన్న లెక్క. కిలోమీటరుకు 6 నిమిషాల పేస్‌లో 10 సెకన్లలో మీరు వెళ్లేది దాదాపు 28 మీటర్లు. ఆ 10 సెకన్లలో జీపీఎస్ 5 మీటర్లు తక్కువ చూపిస్తే పేస్ 7:19 అవుతుంది, 5 మీటర్లు ఎక్కువ చూపిస్తే 5:05. అదే 5 మీటర్ల తప్పు కిలోమీటరంతా పరిస్తే రెండు సెకన్ల తేడా కూడా రాదు. అంటే ఎంత మంచి వాచ్ అయినా ‘ఈ క్షణం పేస్’ ఊగుతూనే ఉంటుంది. స్క్రీన్ మీద దాన్ని తీసేసి ‘ల్యాప్ పేస్’ (ఆ ల్యాప్ మొదలైనప్పటి నుంచి సగటు పేస్) పెట్టుకోండి, ల్యాప్ దానంతటదే మారే ‘ఆటో ల్యాప్’ 1 కి.మీ. చేయండి. ఫోన్ యాప్‌లలో ప్రతి కిలోమీటరుకూ గొంతుతో చెప్పించుకునే సదుపాయం ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది.

పోటీలో వాచ్ 10.1, 10.15 చూపిస్తే దారి తప్పుగా కొలిచారని పోట్లాడకండి. కొలిచి ధ్రువీకరించిన దారిని మలుపుల లోపలి అంచున, అతి దగ్గరి గీత మీద కొలుస్తారు. తక్కువ కాకూడదని వెయ్యికి ఒకటి చొప్పున కలుపుతారు కూడా: మారథాన్‌కి 42 మీటర్లు, పదికి 10 మీటర్లు. మనం మనుషుల్ని తప్పించుకుంటూ, మలుపులు వెడల్పుగా తిరుగుతూ వెళ్తాం. అందుకే పోటీలో ల్యాప్‌ని ఆటోకి వదలకుండా రోడ్డు పక్క కిలోమీటరు బోర్డు దగ్గర మీరే నొక్కడం మేలు.

నిదానమే ప్రధానం:
అసలు ప్రశ్నకి నా జవాబు: ఇప్పటికి ఫోన్ చాలు. బ్యాండ్ మాత్రం తొందరపడి కొనకండి. చాలా బ్యాండ్ల పెట్టె మీద ‘జీపీఎస్’ అనే ఉంటుంది, లోపల చూస్తే ‘కనెక్టెడ్ జీపీఎస్’. అంటే చిప్ బ్యాండ్‌లో లేదు, జేబులో ఫోన్ ఉంటేనే దారి తెలుస్తుంది. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తే చేతి ఊపునుంచి అడుగులు లెక్కపెట్టి దూరం ఊహిస్తుంది. వివరాల్లో ‘బిల్ట్ ఇన్’ అన్న మాట ఉందా లేదా చూడండి.

వాచ్ కొనాలంటే మూడు కారణాలు సబబు. ఫోన్ మోయకుండా వెళ్లాలి, ఇంటర్వల్స్ చేయాలి (400 మీ. వేగంగా, 200 మీ. నెమ్మదిగా, చేతి మీద చూసుకుంటూ), లేదా రెండు గంటలకు మించి పరుగెత్తాలి. నాలుగోది ‘అందరూ కొంటున్నారు’, అది కారణం కాదు.

కొనేటప్పుడు నేనైతే మొదట చూసేది మీటలు. చెమట చేతులతో, వానలో టచ్ స్క్రీన్ మొండికేస్తుంది. ల్యాప్, ఆపడం ఈ రెండింటికీ నొక్కే మీటలు ఉండాలి. తర్వాత బ్యాటరీ: ‘14 రోజులు’ అన్నది టైం చూసుకోవడానికి. మీకు కావాల్సింది ‘జీపీఎస్ ఆన్‌లో ఎన్ని గంటలు’ అన్న అంకె. మల్టీబ్యాండ్ పెడితే అది ఇంకా తగ్గుతుంది. మీ అతి పొడవైన పరుగుకు రెండింతలు ఉంటే నిశ్చింత, ఎందుకంటే బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది. ట్రాక్ మీద ఎక్కువగా తిరిగేవారైతే లేన్‌ని బట్టి దూరం సరిదిద్దే ‘ట్రాక్ రన్’ మోడ్ ఉన్నది చూడండి. గార్మిన్, కోరోస్ వాచ్‌లు కొన్నింటిలో ఉంది. ఏ లేన్ అన్నది ముందే ఎంచుకోవాలి, మధ్యలో లేన్ మారితే లెక్క చెడుతుంది.

యాప్‌ల సంగతి: నైకీ రన్ క్లబ్‌కి చందా లేదు, గొంతుతో నడిపించే పరుగులున్నాయి, కొత్తవాళ్లకి బాగుంటుంది. స్ట్రావాలో రికార్డింగ్ ఉచితం, కొన్ని విశ్లేషణలకు చందా. వివరాలు ఎవరికీ పోకూడదనుకుంటే ఆండ్రాయిడ్‌లో ఓపెన్‌ట్రాక్స్ ఉంది, అది ఇంటర్నెట్ అనుమతే అడగదు. స్ట్రావా వాడేవారు ప్రైవసీ కంట్రోల్స్‌లో మొదలు, చివర దాచే మ్యాప్ సెట్టింగ్ పెట్టుకోవాలి, లేకపోతే రోజూ గీత మీ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. ఆ కంపెనీ 2017 చివర్లో విడుదల చేసిన హీట్‌మ్యాప్‌లో (వాడేవాళ్ల దారులన్నీ కలిపి చూపే మ్యాప్) సైనిక స్థావరాల్లోని పరుగు దారులు బయటపడి 2018 జనవరిలో పెద్ద గొడవైంది.

పక్క ప్రశ్న:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. వాచ్‌లో గుండె వేగం మొదటి పది నిమిషాలు 170 పైనే చూపిస్తోంది, ఆయాసమే లేదు. తర్వాత దానంతటదే 140కి దిగుతోంది. ట్రెడ్‌మిల్ మీద దూరం కూడా మెషీన్‌కీ వాచ్‌కీ కలవదు.

టేపు కొలత:
అది గుండె కాదు, అడుగులు. వాచ్ వెనక పచ్చ లైటు చర్మంలోకి వేసి, రక్తం పొంగే లయను చదువుతుంది. పట్టీ వదులుగా ఉంటే ప్రతి అడుగుకీ వాచ్ కదులుతుంది, ఆ కుదుపునే నాడి అనుకుంటుంది. పరుగులో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు పడతాయి కాబట్టి అంకె నమ్మేలాగే ఉంటుంది. పరుగు మొదట్లో, చలిలో చర్మానికి రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి ఈ తప్పు అప్పుడే ఎక్కువ.

మణికట్టు ఎముక మీద కాదు, దానికి ఒక వేలెడు పైన కట్టండి. పరుగుకు ముందు ఒక రంధ్రం బిగించండి, అయ్యాక వదులు చేయండి. లైటు పడే చోట పచ్చబొట్టు ఉంటే రెండో చేతికి మార్చండి. అనుమానం వస్తే ఆగి, వెంటనే మెడ దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. వేలికి కూడా 170 దొరికితే, లేదా తల తిరగడం, ఛాతీలో నొప్పి ఉంటే అది వాచ్ సంగతి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంటర్వల్స్‌కి మణికట్టు కొలత వెనకబడుతుంది, దానికి ఛాతీ పట్టీయే సరైనది. అది గుండె విద్యుత్ సంకేతాన్నే చదువుతుంది. కట్టుకునే ముందు లోపలి రబ్బరు చోట్లు నీళ్లతో తడపండి, పొడిగా కడితే మొదటి ఐదు నిమిషాలూ పిచ్చి అంకెలొస్తాయి. ఇంటికి రాగానే సెన్సర్ బిళ్లను పట్టీ నుంచి ఊడదీయండి. తడి పట్టీకే ఉంటే అది ఇంకా ఒంటి మీదే ఉన్నాననుకుని పని చేస్తూ బ్యాటరీ తినేస్తుంది. వాచ్‌లో జోన్లు (సులువు, కష్టం అని గుండె వేగాన్ని విడగొట్టే మెట్లు) ‘220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం’ అన్న లెక్కతో వేసి ఉంటాయి. ఆ లెక్క మనిషి మనిషికీ 10, 12 అటూ ఇటూ ఉండడం మామూలే. అందుకే సులువు పరుగును మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నదాంతో తేల్చుకోవడమే నయం.

ట్రెడ్‌మిల్ మీద జీపీఎస్ ఉండదు, వాచ్ చేతి ఊపునుంచే ఊహిస్తుంది. కడ్డీ పట్టుకుంటే దూరం పడిపోతుంది. మెషీన్ కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. బెల్ట్ మీద చిన్న టేపు ముక్క అంటించి, బెల్ట్ మొత్తం పొడవు కొలవండి. ఒకరు పరుగెత్తుతుండగా ఇంకొకరు 20 తిప్పులకు ఎన్ని సెకన్లో చూడాలి, మనిషి బరువు పడితే బెల్ట్ నెమ్మదించవచ్చు కాబట్టి. ఉదాహరణకు బెల్ట్ 3.2 మీ., 20 తిప్పులకు 24 సెకన్లు అనుకుంటే 64 మీటర్లు, గంటకు 9.6 కి.మీ. స్క్రీన్ మీద 10 ఉంటే మెషీన్ ఎక్కువ చెబుతోందన్నమాట. ఈ నిజం అంకెతో వాచ్‌లో ‘కాలిబ్రేట్ అండ్ సేవ్’ చేయండి. అది ఆ వేగానికే బాగా కుదురుతుంది, వేగం బాగా మారితే మళ్లీ చేయాలి.

కొత్త బూట్లు:
సరే, ఇప్పటికి ఫోన్‌తోనే. తర్వాత వాచ్ కొంటే పాత రికార్డులు పోతాయా?

బ్యాటరీ డాక్టర్:
పోవు, కాకపోతే బయటికి తీసే దారి ముందే చూసుకోండి. ఒక్కో పరుగును జీపీఎక్స్, టీసీఎక్స్, ఫిట్ అనే ఫైళ్లలో ఇస్తారు. జీపీఎక్స్ దాదాపు అన్ని యాప్‌లూ తెరుస్తాయి. ఫిట్‌లో ల్యాప్‌లు, గుండె వేగం వంటివి ఎక్కువ వివరంగా ఉంటాయి, వీలుంటే అదే దాచండి. స్ట్రావాలో మొత్తం ఒకేసారి దించుకోవచ్చు: కంప్యూటర్ బ్రౌజర్‌లో సెట్టింగ్స్, మై అకౌంట్, కింద డౌన్‌లోడ్ చేసే చోటు. లింకు ఈమెయిల్‌కి వస్తుంది. అకౌంట్ తొలగించే మీట కూడా అక్కడే ఉంటుంది, తొందరలో దాన్ని నొక్కకండి.

వాచ్ వచ్చాక ఫోన్ యాప్‌లో రికార్డింగ్ ఆపేసి, వాచ్ నుంచే పంపించండి. రెండూ ఆన్‌లో ఉంటే ఒకే పరుగు రెండుసార్లు పడి, వారం మైలేజీ రెట్టింపు కనిపిస్తుంది.

కొత్త బూట్లు:
రేపు మొదటి లేన్‌లో 5 చుట్ల పరీక్ష చేస్తాను. పౌచ్‌లో ఒకసారి, చేతి పట్టీలో ఒకసారి పెట్టి చూడొచ్చా?

టేపు కొలత:
చూడండి, కానీ ఒకే రోజు ఒకే గంటలో వెంటవెంటనే చేయండి. ఉపగ్రహాల వరస గంట గంటకీ మారుతుంది, వేరే రోజు చేస్తే తేడా పౌచ్‌దో ఆకాశానిదో తెలియదు.